పాత మారుతి 800 కొనమంటారా అన్నా?

ప్రశ్న:

అన్నా, నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. నాకు 24 ఏళ్లు, మొబైల్ షాపులో పనిచేస్తున్నా. నాయన స్నేహితుడి ఇంటి ముందర 1998 మోడల్ మారుతి 800 ఒకటి మూడేళ్లుగా వేపచెట్టు కింద నిలబడి ఉంది. 30 వేలకు ఇస్తామంటున్నారు. నంబరు ఏపీ 03. ఆర్‌సీ ఇంకా మొదటి ఓనర్ పేరు మీదే ఉంది, ఆయన చిత్తూరులో ఉంటారట. గడువు 2023లోనే అయిపోయింది. నా దగ్గర లక్ష రూపాయలు ఉన్నాయి, ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. వీడియోలు చూస్తూ నేనే రిపేరు చేసుకోవాలని కోరిక. మ్యాట్ బ్లాక్ పెయింట్, 14 ఇంచుల అలాయ్ వీల్స్, సౌండ్ వచ్చే సైలెన్సర్ పెట్టించి, స్ప్రింగులు కోయించి బండిని కిందికి దించాలని ప్లాన్. పూర్తయ్యాక అమ్మానాయనలను కాణిపాకం తీసుకెళ్లాలి. నాయనేమో "పాత ఇనుము ఇంటికి తెస్తే ఊరుకోను, 15 ఏళ్లు దాటిన బండ్లను గవర్నమెంటోళ్లు తీసుకుపోతారు" అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం:

తమ్ముడూ, నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బండి దొరకదు. బానెట్ ఎత్తితే ప్రతి పార్టూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బరేటర్. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైన బండి కాబట్టి స్పేర్లకూ కరువు లేదు, పని తెలిసిన మెకానిక్కులకూ కరువు లేదు. అయినా డబ్బు చేతిలో పెట్టకముందు ఒకసారి చిత్తూరు వెళ్లిరా. ఆ మొదటి ఓనర్ సంతకం దొరికితేనే కొను. దొరక్కపోతే నువ్వు ఎంత బాగా రిపేరు చేసినా రోడ్డెక్కించడానికి లేదు, అప్పుడు మీ నాయన మాటే నిజమవుతుంది.

ముందు మీ నాయన భయం సంగతి చెబుతాను. 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లు, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదన్న నిషేధం ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించింది. మనకు ఆ రూలు లేదు. మన దగ్గర సొంత కారుకు ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత బండిని తనిఖీ చేసి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. నువ్వు చెప్పిన బండికి 2013లో ఒకసారి, 2018లో ఒకసారి పొడిగించి ఉంటారు, 2023లో ఎవరూ పట్టించుకోలేదు. గడువు అయిపోయిన ఆర్‌సీతో రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క. కాబట్టి కొన్న రోజు సరదాగా నడుపుకుంటూ ఇంటికి తేవద్దు. టోయింగ్ బండి మీద ఎక్కించి తెచ్చుకో.

ఇక పేరు మార్పు. ఫారం 29, ఫారం 30 మీద ఆర్‌సీలో పేరున్న మనిషి సంతకం పెట్టాలి. మధ్యలో బండి ఎంతమంది చేతులు మారిందన్నది ఆర్టీవో ఆఫీసులో లెక్కలోకి రాదు. "ఎప్పుడో సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు నా దగ్గర ఉన్నాయిలే" అని నాయన స్నేహితుడు అంటే దానికి తృప్తి పడొద్దు. పాతికేళ్ల నాటి సంతకం ఇప్పటి సంతకంతో కలవకపోతే పని అక్కడే ఆగిపోతుంది. మనిషిని కలిసి కొత్తగా పెట్టించుకో, గుర్తింపు కార్డు కాపీ కూడా అడుగు. ఒకవేళ ఆయన పోయి ఉంటే వారసుల పేరు మీదికి మార్చే ఫారం 31 దారి వేరే ఉంది. వారసులంతా ఒప్పుకోవాలి కాబట్టి అది సాగుతుంది. అంత దూరం వెళ్లాల్సి వస్తే ఈ బండిని వదిలేయమనే చెబుతాను.

ఆయన "ఎప్పుడో అమ్మేశాను, నాకేం సంబంధం" అని విసుక్కుంటే ఒక్క మాట చెప్పు. ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత కూడా వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ఇన్నేళ్లుగా ఆ బండి ఎక్కడ తిరిగినా భారం ఆయన నెత్తిమీదే ఉంది. సంతకం పెడితే ఆయనకే టెన్షన్ తప్పుతుంది. మర్యాదగా, నాయనను వెంటబెట్టుకుని వెళ్లి చెప్పు. నువ్వొక్కడివే వెళ్లడం కంటే పెద్దాయన పక్కన ఉంటే పని సులువవుతుంది.

ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉందేమో కూడా చూడు. 1998లో లోన్ మీద కొన్న బండి అయ్యుండొచ్చు. లోన్ తీరినా ఆ ఎంట్రీ తీయించకుండా వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. దాన్ని తీయించాలంటే ఫారం 35, బాకీ లేదని కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ పత్రం కావాలి. పాత చలాన్లేమైనా ఉన్నాయేమో నంబరు కొట్టి చూసుకో.

ఖర్చు లెక్క కూడా ఇప్పుడే వేసుకో. 20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10 వేలు చేసింది. దాని మీద ఆలస్య రుసుం, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్, పేరు మార్పు ఫీజు ఉంటాయి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 1000 సీసీ లోపు కారుకు 2022లో పెట్టిన రేటు 2,094 రూపాయలు, జీఎస్టీ అదనం. పొల్యూషన్ సర్టిఫికెట్ మామూలే. అంటే బండి ధరలో సగానికి పైగానే కాగితాలకు పోవచ్చు. ఇదంతా చెప్పి బేరమాడు. నా లెక్కలో ఆ బండికి 30 వేలు ఎక్కువ, కాగితాలు ఈ స్థితిలో ఉన్న కారును అడిగేవాళ్లు తక్కువ. నీ లక్షలో 20 వేలు పక్కన పెట్టి ఆఖరిదాకా ముట్టుకోవద్దు. పాత బండి పని మొదలుపెట్టాక ఒకటి విప్పితే ఇంకొకటి బయటపడుతుంది.

కాగితాలు కుదిరాయనుకుందాం. అప్పుడు బండిని చూడటానికి ఇంజన్ దగ్గరికి పోవద్దు, ముందు కింద పడుకుని చూడు. ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు, బాడీ రేకే బరువంతా మోస్తుంది. కాబట్టి తుప్పు ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. డోరు మీద తుప్పు సమస్య కాదు. డోర్ల కింద పొడుగ్గా పోయే బాక్సు లాంటి భాగం, ఫ్లోర్ బోర్డు, ముందు సస్పెన్షన్ బిగించిన చోటు, బ్యాటరీ ట్రే కింద, ఇవి పోయి ఉంటే బండి వద్దు. రబ్బరు మ్యాట్లు పూర్తిగా లేపి చూడు. మూడేళ్లు చెట్టు కింద ఉందంటే ఆకులు బానెట్ వెనక గాడిలో కుళ్లి, నీళ్లు పోయే దారి మూసుకుపోయి, ఆ నీళ్లన్నీ లోపల కాళ్ల దగ్గర దిగి ఉంటాయి. ఒక అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి బాడీ మీద జరుపుతూ పో. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ మందంగా పెట్టినచోట జారిపోతుంది. అలాంటి చోట స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూస్తే చప్పుడు కూడా మొద్దుగా వస్తుంది.

2021 నవంబరు వరదల్లో తిరుపతిలో ఎన్నో బండ్లు మునిగాయి. ఇదీ మునిగిందేమో చూడాలి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడు, లోపలి భాగంలో బురద గీత ఉంటే దాచడం కష్టం. సీటు కింద పట్టాల్లో ఒండ్రు పేరుకుని ఉన్నా అదే అర్థం. బాడీ రేకు మీద చాసిస్ నంబరు చెక్కిన చోట శుభ్రంగా తుడిచి, తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకో. ఆర్‌సీలో ఉన్న నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. ఇంజన్ నంబరు కూడా అంతే. రేపు ఇన్‌స్పెక్టర్ మొట్టమొదట చూసేది అదే.

ఇంటికి తెచ్చాక కొత్త బ్యాటరీ పెట్టి వెంటనే సెల్ఫ్ కొట్టాలనిపిస్తుంది. వద్దు. మూడేళ్లు తిరగని ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు పట్టుకుని ఉండొచ్చు. మూడు ప్లగ్గులూ విప్పు. ఒక్కో రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఒక రాత్రి వదిలెయ్. మరుసటి రోజు గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి బిగించే వైపు నెమ్మదిగా తిప్పు. రెండు పూర్తి చుట్లు ఎక్కడా తగలకుండా తిరిగితే సగం గెలిచినట్టే. తిరక్కపోతే పైపు తగిలించి బలవంతం చేయకు, ఇంకాస్త ఆయిల్ పోసి రెండు రోజులు ఆగు.

ఈలోగా ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడు. చెట్టు కింది బండి కాబట్టి ఎలుక గూడు ఉండే అవకాశం ఎక్కువ. ఎలుక ఉందంటే వైరింగ్ కూడా కొరికి ఉంటుంది. పాత పెట్రోలు మొత్తం కిందికి దించెయ్. వార్నిష్ వాసన వస్తుంటే కార్బరేటర్ జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలు కూడా పూడిపోయి ఉంటాయి, దాన్ని విప్పి శుభ్రం చేయక తప్పదు. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, కూలెంట్ మార్చు. టైమింగ్ బెల్టు చూడటానికి బాగానే ఉన్నా మార్చు, రబ్బరుకు కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా లెక్కే. ఆ తర్వాత ప్లగ్గులు లేకుండానే, ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే వైరు ఊడదీసి, కొంచెం కొంచెంగా సెల్ఫ్ కొట్టు. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు ఆరిపోయిందంటే ఆయిల్ పైదాకా ఎక్కిందన్నమాట. అప్పుడు ప్లగ్గులు బిగించి, కొత్త పెట్రోలు పోసి స్టార్ట్ చెయ్. షెడ్డు లోపల చేయొద్దు. బండిని ఆరుబయటికి తోసి చెయ్. ఆ పొగలో వాసన లేని విషం ఉంటుంది.

పెట్రోలు మాట వచ్చింది కాబట్టి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1998లో ఈ బండి రబ్బరు గొట్టాలు తయారుచేసినప్పుడు అంత ఇథనాల్ ఎవరి ఊహలోనూ లేదు. అది పాత రబ్బరును మెత్తబరచి పగలగొడుతుంది, ట్యాంకులోని తుప్పును కదిలించి ఫిల్టర్‌లోకి తెస్తుంది. పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చు, పంపు డయాఫ్రమ్, కార్బరేటర్ కిట్ కూడా. మొదట్లో ఫిల్టర్లు రెండు మూడు ఎక్కువ కొని పెట్టుకో. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే మంటే, షెడ్డులో ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాల్సిందే.

ఇంజన్ మోగిన రోజు ఇంట్లో పండగలా ఉంటుంది, వీధి చివరిదాకా ఒక రౌండు వేయాలనిపిస్తుంది. బ్రేకులు పూర్తిగా చేయకుండా బండిని ఒక్క అడుగు కూడా కదపొద్దు. మూడేళ్లు నిలబడ్డ కారులో వెనక డ్రమ్ములు పట్టేసి ఉంటాయి, వీల్ సిలిండర్ల రబ్బర్లు ఎండిపోయి ఉంటాయి. ఇవి, మాస్టర్ సిలిండర్ కిట్, రబ్బరు హోసులు అన్నీ మార్చు. పాత బ్రేక్ ఆయిల్ ఒక్క చుక్క కూడా లోపల ఉండకూడదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగొచ్చు. భాకరాపేట ఘాట్ దిగుతూ పదే పదే బ్రేకు తొక్కితే ఆ వేడి సులభంగా వస్తుంది. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. మొదటిసారి బ్రేకుల పని ఒక మంచి మెకానిక్‌ను ఇంటికి పిలిపించి, ఆయన పక్కన కూర్చుని చెయ్. ఇక్కడ మాత్రం వీడియోలు చాలవు. పాత బ్రేక్ షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడువు.

జాకీ మీద లేపిన బండి కిందికి దూరొద్దు. ఇటుకలు, సిమెంట్ హాలో బ్రిక్స్ అసలు పెట్టొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. ఇనుప స్టాండ్లు కొను, స్పానర్ సెట్టు కంటే ముందు కొను. షెడ్డులో మట్టినేల అయితే స్టాండ్ల కింద మందపాటి చెక్క పెట్టు.

టైర్ల పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 1719 అంటే 2019లో 17వ వారంలో తయారైందని. ఆరేళ్లు దాటినవి గాట్లు బాగున్నా మార్చెయ్.

ఇప్పుడు నీ ప్లాన్ సంగతి. స్ప్రింగులు కోయించే ఆలోచన వదిలెయ్. కోసిన స్ప్రింగు తన చోట సరిగ్గా కూర్చోదు, షాక్ అబ్జార్బర్లు త్వరగా పోతాయి, మన వీధుల్లో స్పీడ్ బ్రేకర్లకు బండి అడుగు తగులుతుంది. 14 ఇంచుల వీల్స్ కూడా వద్దు. కంపెనీ టైరు 145/70, 12 ఇంచులది. దాని ఎత్తు సుమారు 508 మిల్లీమీటర్లు. 14 ఇంచులకు మామూలుగా వేసే 165/65 టైరు ఎత్తు 570. అంటే స్పీడోమీటర్ 50 చూపిస్తుంటే బండి 56 మీద పోతుంటుంది. టైరు లోపల ఫెండర్‌కు రాసుకుంటుంది, బేరింగులకు భారం. 40 హార్స్ పవర్ కూడా లేని ఇంజన్‌కు ఎత్తు రోడ్డు ఎక్కడం మరీ కష్టమవుతుంది. అలాయ్ అంతగా కావాలనిపిస్తే 12 ఇంచులవే వెతుక్కో.

సైలెన్సర్ విషయంలో చట్టమే ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఓనరే అలా మారిస్తే ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. తనిఖీకి తీసుకెళ్లే బండికి ఇలాంటివి తగిలించి రెన్యువల్ పోగొట్టుకోవద్దు. రంగు మార్చుకోవచ్చు, కానీ ఆర్‌సీలో ఎక్కించాలి. మ్యాట్ బ్లాక్ మన ఎండలకు నేనైతే వేయను. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఏసీ లేని నల్ల కారులో అమ్మానాయనలను కూర్చోబెడతావా? పాత రంగే మళ్లీ వేయిస్తే కాగితాల పని కూడా తప్పుతుంది. టింకరింగ్, వెల్డింగ్, పెయింటింగ్ మాత్రం బయట ఇవ్వు. ఇప్పటి పీయూ (పాలీయూరిథేన్) పెయింట్ పొగ మామూలు మాస్కుతో ఆగదు, ఊపిరితిత్తులు పాడవుతాయి.

నీ చేత్తో చేయదగ్గ మంచి మార్పు ఒకటి చెబుతాను. హెడ్‌లైట్లకు రిలే పెట్టు, అది చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్ లాంటిది. పాత బండ్లలో లైట్ల కరెంటంతా స్టీరింగ్ దగ్గరున్న స్విచ్ గుండా తిరిగి వస్తుంది. రెండు 55 వాట్ల బల్బులు 9 ఆంపియర్ల దాకా లాగుతాయి. పాతికేళ్ల వైర్లు, మాడిన స్విచ్ కాంటాక్టులు దాటి వచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది. హాలోజెన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం తగ్గుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి, లావు వైరుతో రిలేల ద్వారా నేరుగా బల్బులకు ఇస్తే స్విచ్ పని రిలేను కదిలించడమే అవుతుంది. మొబైళ్లు విప్పే నీ చేతికి ఇది కష్టమేం కాదు. బల్బు వాట్లు మాత్రం పెంచొద్దు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్. ముందు సీట్ల బెల్టులు కొత్తవి వేయించు, వెనక కూడా బిగించే వీలుందేమో అడుగు. సీట్ల కుట్టు పని, డోర్ల రబ్బర్లు, అద్దాల మెషీన్లు తీరిగ్గా నువ్వే చేసుకోవచ్చు.

స్పేర్లు తిరుపతిలో దొరకనివి చెన్నై పుదుపేటలో దొరుకుతాయి. అక్కడ సెకండ్ హ్యాండ్ డోరు, బంపర్, సీటు కొను, నష్టం లేదు. బ్రేకు సామాను మాత్రం కొత్తదే. ఇంజన్ మొత్తం మార్చేద్దామని ఎవరైనా చెబితే వినొద్దు. నంబరు మారితే ఆర్టీవో అనుమతి కావాలి, ఆ ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవాల్సింది నువ్వే.

మీ నాయనకు ఈ లెక్కంతా ఒక కాగితం మీద రాసి చూపించు. బండి ధర, ఆఫీసు ఫీజులు, బ్రేకులు, టైర్లు, ఇంజన్, పక్కన పెట్టిన 20 వేలు. ఆ 20 వేలు కూడా దాటితే ఆపేస్తానని ముందే మాటివ్వు, ఇస్తే నిలబెట్టుకో. ఆయన కోపం కారు మీద కాదేమో, చేతిలో ఉన్న ఒక్క లక్ష ఎక్కడ పోతుందోనన్న దిగులు అయ్యుంటుంది.

కాణిపాకం మాట. రెన్యువల్, ఇన్సూరెన్స్ చేతికొచ్చాక మొదట నువ్వొక్కడివే చంద్రగిరి దాకా వెళ్లిరా. ఆగి, నాలుగు చక్రాల నట్లు మళ్లీ బిగించు. ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడు, ఏదో ఒకటి మిగతావాటికంటే ఎక్కువ కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోందని అర్థం. రేడియేటర్ ఫ్యాను తనంతట తాను తిరుగుతోందా, కింద ఎక్కడైనా ఆయిల్ చుక్కలు పడుతున్నాయా చూసుకో. అలా నాలుగైదు సార్లు మధ్యాహ్నం ఎండలో కూడా తిరిగి, ఏ తేడా లేదనుకున్నాకే అమ్మానాయనలను ఎక్కించు.

చిత్తూరులో ఆయన ఏమన్నాడో రాయి. ఫ్లోర్ బోర్డు, డోర్ల కింది భాగం ఫొటోలు మ్యాట్లు లేపి తీసి పంపు. అవి చూశాక ఎంతకు బేరమాడాలో చెబుతాను.